ఆర్గానిక్‌కి రెట్టింపు డబ్బు పెట్టాలా? ముందు కారం డబ్బా మార్చండి

మీరు అడిగినవి మూడు. ఇంట్లో నాలుగేళ్ల పాప ఉంది, హైదరాబాద్‌లో ఆర్గానిక్ సరుకులు కొంటే నెల ఖర్చు దాదాపు రెట్టింపు అవుతోంది, ఆరోగ్యానికి అంత తేడా నిజంగా ఉందా అన్నది మొదటిది. పర్యావరణానికి మేలంటారే, అందులో పస ఎంత అన్నది రెండోది. నరసరావుపేట దగ్గర కౌలుకిచ్చిన రెండెకరాల్లో మనకు కావలసినవి మందుల్లేకుండా పండించుకోవచ్చా అన్నది మూడోది. పురుగుమందుల్లేని సాగు మీద ఖమ్మం, వరంగల్ పల్లెల్లో చాలాకాలం పనిచేశాను. ఇప్పటికీ రైతు బృందాల పొలాలు చూసి వస్తుంటాను. ఆ అనుభవం మీద చెబుతున్నాను. నేను డాక్టర్ని కాదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆర్గానిక్ వల్ల కలిగే మేలులో పెద్ద వాటా పండించే చోటే ఉండిపోతుంది: మందు కొట్టే మనిషికి, ఆ నేలకి, ఆ ఊరి నీళ్లకి. తినేవాళ్లకీ వాటా ఉంది, పిల్లలకు పెద్దలకన్నా ఎక్కువే ఉంది. కానీ అన్ని సరుకుల్లోనూ అది ఒకేలా ఉండదు. అందుకే బుట్ట మొత్తం మార్చమని నేను ఎవరికీ చెప్పను.

పోషకాల సంగతి ముందు తేల్చేద్దాం. దుకాణాల్లో బోర్డులన్నీ దాని మీదే ఉంటాయి, అసలు బలహీనమైన వాదన కూడా అదే. 2012లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూసి, ఆర్గానిక్ పంటల్లో విటమిన్లు చెప్పుకోదగ్గంత ఎక్కువ అనడానికి గట్టి ఆధారం లేదన్నారు. 2014లో బ్రిటన్ నుంచి మరో సమీక్ష వచ్చింది. వాళ్లు 343 పరిశోధన పత్రాలు జల్లెడ పట్టారు. యాంటీ ఆక్సిడెంట్లు ఆర్గానిక్‌లో కొంత ఎక్కువ కనిపించాయి, కాడ్మియం సగటున 48 శాతం తక్కువ కనిపించింది. ఫాస్ఫేట్ ఎరువుతో పాటు పొలంలోకి వచ్చే భారలోహం అది. పోషకాల దగ్గర ఈ రెండు సమీక్షలకూ పొంతన కుదరలేదు గానీ ఒక విషయంలో రెండూ ఒకే మాట చెప్పాయి: పురుగుమందు అవశేషాలు ఆర్గానిక్‌లో బాగా తక్కువ. రెండో సమీక్ష లెక్కలో మామూలు పంటల్లో అవశేషాలు దొరకడం 4 రెట్లు ఎక్కువ. మీరు అదనంగా పెట్టే డబ్బుకి వచ్చే సరుకు అది. విటమిన్ల కోసమైతే రోజూ ఒక కట్ట తోటకూర ఎక్కువ తినడం చవక.

క్యాన్సర్ రాదని చెప్పేవాళ్లుంటారు. ఫ్రాన్స్‌లో సుమారు 69 వేల మందిని నాలుగైదేళ్లు గమనించి 2018లో వేసిన అధ్యయనంలో ఆర్గానిక్ ఎక్కువగా తినేవాళ్లలో క్యాన్సర్లు 25 శాతం తక్కువ కనిపించాయి. ఆ వార్త మన వాట్సాప్‌లలో కూడా తెగ తిరిగింది. బ్రిటన్‌లో 6 లక్షల మందికి పైగా మహిళలను తొమ్మిదేళ్లకు పైగా గమనించి 2014లో వేసిన అధ్యయనంలో మాత్రం మొత్తం మీద అలాంటి తేడా కనబడలేదు. ఇది ఎవరూ పంపరు. ఆర్గానిక్ కొనేవాళ్లు మామూలుగానే పొగ తక్కువ తాగుతారు, నడక, వ్యాయామం చేస్తారు, నాలుగు రాళ్లు ఎక్కువ సంపాదిస్తారు. వీటన్నిటినీ విడదీసి చూడటం కష్టం. కాబట్టి క్యాన్సర్ భయంతో కొనకండి.

పాప సంగతి వేరు. పిల్లలు తమ బరువుతో పోలిస్తే మనకన్నా ఎక్కువ తింటారు, మెదడు ఇంకా ఎదుగుతూ ఉంటుంది. అమెరికాలో సియాటిల్ దగ్గర 23 మంది బడిపిల్లలకు 5 రోజులపాటు మామూలు తిండి బదులు ఆర్గానిక్ పెట్టి, మూత్రం పరీక్షించారు. మలాథియాన్, క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందుల ఆనవాళ్లు వెంటనే గుర్తించలేనంతగా పడిపోయాయి. మళ్లీ పాత తిండి మొదలుపెట్టగానే తిరిగి కనిపించాయి. 2006లో వచ్చిన ఈ ఫలితాన్ని చదివిన రెండు రకాల మనుషుల్ని చూశాను: భయపడేవాళ్లు, ఊరట చెందేవాళ్లు. ఈ రకం మందులు ఒంట్లో ఏళ్ల తరబడి పేరుకోవు, తిండి మారిస్తే రోజుల్లోనే తగ్గుతాయి. అది మంచి కబురే. ఇందులో క్లోర్‌పైరిఫాస్ పిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేస్తుందన్న ఆందోళనతో ఐరోపా సమాఖ్య 2020లో దాన్ని వాడకుండా ఆపేసింది. ఇంట్లో గర్భిణి గాని, పసిపిల్లలు గాని ఉంటే కొంత ఖర్చు పెట్టడం సబబే అంటాను.

ఇక ఎక్కడ ఖర్చు పెట్టాలి? నన్నడిగితే కారం దగ్గర మొదలుపెట్టండి.

మీరు పల్నాడు మనిషే కాబట్టి మిర్చి తోటల గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. మామూలు ఏడాదిలోనే వారానికో పది రోజులకో మందు పడుతుంది. 2021లో నల్ల తామర పురుగు దిగినప్పుడు గుంటూరు నుంచి ఖమ్మం, మహబూబాబాద్ దాకా రైతులు రెండు మూడు మందులు కలిపి మూడు నాలుగు రోజులకోసారి కొట్టారు, అయినా తోటలు పీకేసుకున్నవాళ్లున్నారు. కాయ కోసి కల్లంలో ఆరబెడితే నీరు పోతుంది. మందు ఎండకు కొంత విరిగిపోయినా మిగిలింది కాయలోనే చిక్కబడుతుంది. మూడు నాలుగు కిలోల పండుకాయ ఎండితేనే గదా కిలో ఎండుమిర్చి. పైగా కూరగాయని కడుగుతాం, తొక్క తీస్తాం, ఉడికిస్తాం. కారాన్ని కడిగేవాళ్లెవరూ లేరు, ఆవకాయలో అయితే ఉడికించేదీ లేదు. ఇంత చేసి నెలకు ఇంటికి పట్టే కారం అరకిలో, ముప్పావు. ధర రెట్టింపైనా మీ నెల ఖర్చులో అది తెలియదు. తక్కువ డబ్బుతో ఎక్కువ మందు తప్పించుకునే చోటు మన వంటింట్లో ఇదే. ధనియాలు, జీలకర్ర కూడా ఈ వరుసలోవే.

తర్వాత ఆకులు. కరివేపాకు మొక్క ఇంట్లో తొట్టిలోనో అపార్ట్‌మెంటు గోడవారనో ఒకటి ఉంటే చాలు, కొనే పని లేదు. ఐరోపాకు వెళ్లే మన కరివేపాకును అక్కడి రేవుల్లో అవశేషాల కోసం ప్రత్యేకంగా పరీక్షిస్తారంటే పరిస్థితి మీకే తెలుస్తుంది. కొత్తిమీర, పుదీనా, పాలకూర తెలిసినవాళ్ల దగ్గర కొనండి. హైదరాబాద్‌లో ఇంకో చిక్కు ఉంది. ఒక్క చుక్క పురుగుమందు వాడకపోయినా మూసీ నీళ్లతో పండిన ఆకుకూరకు మురుగు, ఫ్యాక్టరీల వ్యర్థాలు తగులుతాయి. "మందు కొట్టలేదమ్మా" అన్న మాట నిజమే కావచ్చు, నీళ్లెక్కడివని కూడా అడగాలి.

కూరగాయల్లో ఒక కొండగుర్తు చెబుతాను. రోజు విడిచి రోజు, మూడు రోజులకోసారి కోతకొచ్చే పంటల్ని ముందు అనుమానించండి: వంకాయ, బెండ, టమాట, బీర, కాకర. మందు కొట్టాక కోతకు ఇన్ని రోజులు ఆగాలని డబ్బా మీద రాసుంటుంది. వంకాయలో కాయ తొలుచు పురుగు ఆగదు, మార్కెట్టూ ఆగదు. కాబట్టి ఇవాళ మందు, ఎల్లుండి కోత. రైతు చెడ్డవాడై కాదు, ఆ పంట తీరే అంత. క్యాలీఫ్లవర్, ద్రాక్ష కూడా ఆర్గానిక్ దొరికితే కొనదగ్గవే. కొబ్బరి, కంద, పెండలం, పనస, గుమ్మడి లాంటివాటికి అదనంగా డబ్బు పెట్టకండి. పాలమూరు గుట్టల మీద నుంచి వచ్చే సీతాఫలానికి మందు కొట్టే నాథుడే లేడు. దానికి కూడా ఆర్గానిక్ చీటీ అంటించి అమ్మేవాళ్లని చూస్తే నవ్వొస్తుంది. కొర్ర, సామ, అరికెలదీ దాదాపు అదే కథ, మెట్ట పంటలకు పెట్టుబడి పెట్టి మందులు కొట్టే అలవాటు మనకు లేదు.

బియ్యానికి ఒక తిరకాసు ఉంది. బాగా పాలిష్ పట్టిన తెల్లబియ్యంలో తవుడుతో పాటు అవశేషాలూ చాలావరకు పోతాయి. ఆరోగ్యం కోసం దంపుడు బియ్యానికి మారినవాళ్లే ఆర్గానిక్ చూసుకోవాలి, ఎందుకంటే మందు ఎక్కువగా చేరేది ఆ తవుడు పొరలోనే. షుగరు ఉన్నవాళ్లకు ఆర్గానిక్ తెల్లన్నమైనా మామూలు తెల్లన్నమైనా ఒకటే, ఆర్గానిక్ బెల్లమూ అంతే. వేరుశనగలో అసలు శత్రువు బూజు విషం అఫ్లటాక్సిన్. ఆర్గానిక్ ముద్ర దాన్ని ఆపలేదు. ముడుచుకుపోయిన గింజ, నల్లబడిన గింజ ఏరి పారేయడమే దారి.

కొనలేని వాటికి కడుక్కోవడం ఉంది. 2017లో అమెరికాలో యాపిల్స్ మీద చేసిన పరీక్షలో లీటరు నీటికి 10 గ్రాముల తినే సోడా కలిపి 12 నుంచి 15 నిమిషాలు నానబెడితే పైపైన ఉన్న మందు వట్టి నీళ్లకన్నా బాగా పోయింది. తొక్కలోంచి లోపలికి దిగిన మందు పోలేదు. ఇమిడాక్లోప్రిడ్ లాంటి అంతర్వాహిక మందులు మొక్క రసంలోకే ఎక్కుతాయి, వాటిని ఏ సోడా ఏమీ చేయలేదు. అయినా ఈ మాత్రం పని ఇంట్లో రోజూ చేయదగ్గదే. ఒక్కటి మాత్రం చేయకండి, మందుల భయంతో పాపకు ఆకుకూరలు, పండ్లు తగ్గించకండి. ఆ నష్టం అవశేషాల నష్టం కన్నా పెద్దది.

పర్యావరణం అడిగారు. నేను మనుషులతో మొదలుపెడతాను. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తి చేలల్లో మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయారు. ఎవరూ తాగలేదు. ఎత్తుగా పెరిగిన చేలో, ఉక్కపోతలో, ముక్కుకి తువ్వాలు కట్టుకుని పనిచేస్తూ పీల్చారు, ఒంటి మీద పోసుకున్నారు. మన పత్తి చేలల్లోనూ సాయంత్రం కళ్లు మండుతూ, తల దిమ్మెక్కి, వాంతులతో ఇంటికొచ్చే కూలీలు ఎందరో. అవి ఏ లెక్కలకూ ఎక్కవు. మీ ప్లేట్లోకి మైక్రోగ్రాముల్లో వచ్చేది వాళ్ల ఒంటి మీద గ్రాముల్లో పడుతుంది.

దీనికి జవాబు మన దగ్గరే ఒక ఊరు చూపించింది. పాల్వంచ మండలం పునుకులలో పత్తి రైతులు మందుల అప్పుల్లో కూరుకుపోయి, 1999 ప్రాంతం నుంచి వేపగింజల కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయం, మగ పురుగుల్ని వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు, ఎర పంటలుగా బంతి, ఆముదం వాడటం నేర్చుకున్నారు. 2004 నాటికి ఊరంతా పురుగుమందులు మానేసింది. ఆడవాళ్ల సంఘాలు వేపగింజలు ఏరి, పొడి కొట్టి అమ్మడం మొదలుపెట్టాయి. మందుల షాపుకి వెళ్లే డబ్బు ఊళ్లోనే తిరిగింది. ఆ తర్వాత జనగామ దగ్గర ఏనెబావి ఎరువులు కూడా మానేసింది. ఉమ్మడి రాష్ట్రంలో ప్రభుత్వమే మహిళా సంఘాల ద్వారా ఈ పద్ధతిని మిగతా జిల్లాలకు తీసుకెళ్లింది. 2016లో ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ మొదలుపెట్టిన ప్రకృతి వ్యవసాయం వెనుక ఈ అనుభవం ఉంది. 2024లో దానికి పోర్చుగల్ వాళ్ల గుల్బెంకియన్ మానవతా పురస్కారం మరో ఇద్దరితో కలిపి వచ్చింది.

మందు ఆపితే పొలంలో ఏమవుతుంది? మొదటి పంటకే అక్షింతల పురుగులు, సాలీళ్లు, తూనీగలు తిరిగొస్తాయి. పేనుబంకను అక్షింతల పురుగు తినేస్తుంటే రైతు పక్కన నిలబడి చూడటం నాకు ఇప్పటికీ ఇష్టమైన దృశ్యం. భూమి మాత్రం ఇంత తొందరగా మారదు. స్విట్జర్లాండ్‌లో 1978 నుంచి పక్కపక్క మళ్లలో ఆర్గానిక్, మామూలు సాగు పోల్చి చూస్తున్నారు. 21 ఏళ్ల లెక్క చూస్తే ఆర్గానిక్ మళ్లలో పురుగుమందు 97 శాతం తక్కువ, ఎరువు, ఇంధనం 34 నుంచి 53 శాతం తక్కువ పట్టాయి. వానపాములు ఎక్కువ. దిగుబడి మాత్రం 20 శాతం తక్కువ. యూరియా సంగతి కూడా ఇందులోదే. వరిలో వేసిన నత్రజనిలో సగం కూడా పంటకు అందదు. మిగిలింది కొంత నీళ్లలో కలుస్తుంది, కొంత గాల్లోకి పోతుంది. గాల్లోకి పోయేదాంట్లో ఉండే నైట్రస్ ఆక్సైడ్ భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువుకు 270 రెట్లు పైమాట.

ఆ 20 శాతాన్ని దాచిపెట్టి ఆర్గానిక్ గురించి మాట్లాడేవాళ్లని నేను నమ్మను. అదే దిగుబడికి ఎక్కువ నేల కావాలంటే, ఆ నేల అడవి నరికి తెచ్చిందైతే, మేలు మాట అటుంచి కీడే. శ్రీలంక 2021లో రసాయన ఎరువుల దిగుమతిని ఉన్నపళంగా ఆపేసింది, రైతులు రోడ్డెక్కితే ఆ ఏడాది నవంబరుకే వెనక్కి తగ్గింది, అయినా ఆ తర్వాతి పంటలో వరి దిగుబడి బాగా పడిపోయింది. సిక్కిం 2003లో మొదలుపెట్టి, ఏటా కొంత కొంత తగ్గించుకుంటూ 2016లో పూర్తి ఆర్గానిక్ రాష్ట్రమైంది. సిక్కిం చిన్నది, కొండ సేద్యం, ముందునుంచీ ఎరువులు తక్కువే. మన కృష్ణా డెల్టా వరికి అది నమూనా కాదు. నీళ్లు నిలిచిన వరి మడిలో పచ్చిరొట్ట, అంటే ఎరువు కోసం కలిపే పచ్చి మొక్కలు, ఎక్కువ తొక్కితే మీథేన్ పెరుగుతుందన్నదీ నిజమే. మెట్ట భూముల్లో, పప్పుల్లో, చిరుధాన్యాల్లో లెక్క వేరు. జహీరాబాద్ దగ్గర డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు ఒకే చేలో పది ఇరవై రకాలు కలిపి వేస్తారు, విత్తనం కొనరు, ఎరువు కొనరు. అక్కడ దిగుబడి పోయేదేమీ లేదు, ఏది పోయినా ఇంకోటి చేతికొస్తుంది.

చీటీల గురించి క్లుప్తంగా. ప్యాకెట్ మీద ఏ గుర్తుందో చూడండి. ఇండియా ఆర్గానిక్ గుర్తుంటే బయటి సంస్థ తనిఖీ చేసిందని. పీజీఎస్ ఇండియా ఆర్గానిక్ అని ఉంటే రైతుల బృందం ఒకరినొకరు తనిఖీ చేసుకుందని. పీజీఎస్ ఇండియా గ్రీన్ అని ఉంటే పొలం ఇంకా మారుతున్న దశలో ఉందని. "నాచురల్", "ఫామ్ ఫ్రెష్", "దేశీ" అన్న మాటలకు ఏ తనిఖీ లేదు. ఏడాదికి 12 లక్షల లోపు అమ్మే చిన్న రైతు నేరుగా మీకు అమ్మితే ధ్రువపత్రం అక్కర్లేదు, గుర్తు మాత్రం వేసుకోకూడదు. కాబట్టి గుర్తు లేనంత మాత్రాన దొంగసరుకు కాదు. ఆర్గానిక్ అంటే ఏ మందూ కొట్టలేదనీ అనుకోకండి, మైలుతుత్తం, గంధకం పరిమితంగా వాడనిస్తారు. రైతుని అడగదలచుకుంటే "మందు కొట్టావా" అనొద్దు, "పురుగొస్తే ఏం చేశావు" అనండి. చేసినవాడు అరగంట చెబుతాడు. బయో మందు కొట్టానంటే మాత్రం సీసా చూపించమనండి. బయో పేరుతో రసాయనం కలిపి అమ్మే సీసాలు మన మార్కెట్లో తక్కువేం లేవు.

ఇక మీ రెండెకరాలు. సాగర్ కుడి కాలువ కింది నల్లరేగడి అయితే పంట పండుతుంది, సందేహం లేదు. కానీ పండించేది మీరు కాదు, కౌలు రైతు. ఏడాది మాట కౌలు మీద చేసే మనిషి మళ్లీ ఏడాది ఎవరికో దక్కే భూమికి పశువుల ఎరువు తోలడు, పచ్చిరొట్ట దున్నడు. మందులు, ఎరువులు చాలాసార్లు షాపులో అరువు మీద వస్తాయి, ఏ మందు కొట్టాలో చెప్పేదీ ఆ షాపు అతనే. మొదటి రెండు మూడు పంటల్లో దిగుబడి తగ్గితే ఆ దెబ్బ ఎవరు తినాలి? అది తేలకుండా జీవామృతం గురించి మాట్లాడి లాభం లేదు. 200 లీటర్ల పీపాలో 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి కలపడం అందరికీ వచ్చు. అది నేలలో సూక్ష్మజీవుల్ని కదిలిస్తుందే గాని ఎకరానికి కావలసిన నత్రజని మొత్తం ఇవ్వదు. అది పప్పుజాతి పంటల నుంచి, పశువుల ఎరువు నుంచి, నేల మీద కప్పే ఆకు అలము నుంచి రావాలి. అంటే కాలం కావాలి.

అందుకని ఇప్పుడున్న కౌలు రైతునే కూర్చోబెట్టి మూడేళ్లకు కాగితం రాసుకోండి. మొదటి రెండేళ్లు కౌలు తగ్గించండి. ధ్రువపత్రం కావాలన్నా ఏడాది పంటలకు రెండేళ్ల మార్పు గడువు ఎలాగూ పడుతుంది. మొత్తం ఒకేసారి వద్దు. అరెకరంలో మీ ఇంటికి, అతని ఇంటికి సరిపడా కంది, పెసర, మినుము, కొన్ని సాళ్లు మిర్చి వేయించండి. తొలకరికి ముందే ఆ చెక్కలో నవధాన్యాలు చల్లించండి. పక్క చేల నుంచి మందు గాలికి కొట్టుకు రాకుండా చుట్టూ మూడు నాలుగు వరుసలు జొన్న దట్టంగా ఉండాలి. ఊళ్లో ప్రకృతి వ్యవసాయం చూసే కార్యకర్త ఉంటారు, రైతు సేవా కేంద్రంలో అడిగితే చెబుతారు. కౌలు తగ్గించకుండా మందు మానమంటే, మీ ముందు సరేనండీ అని, మీరు బస్సెక్కాక పంపు భుజానికెత్తుకుంటాడు. ఎత్తుకోక ఏం చేస్తాడు? ఎకరానికి ఎంత తగ్గించాలో అంకె నేను చెప్పలేను, అది మీ ఊరి కౌలు రేటును బట్టి, మిర్చి ధరను బట్టి ఉంటుంది. పోయినేడు అతనికి మందులు, ఎరువుల ఖర్చు ఎంతైందో, చేతికి ఎంత మిగిలిందో ముందు అతన్నే అడిగి రాసుకోండి. ఆ లెక్క ఇక్కడ పెడితే మిగతాది మాట్లాడదాం.